పట్టుబట్టని ప్రశ్న

బాణోతు లాలితో తగువు పెట్టుకోవడానికి దేవ్లా తండాలో ఎవరూ ముందుకు వచ్చేవాళ్లు కాదు. ఆమె గట్టిగా అరిచే మనిషి కాదు. ఒకసారి బోరింగు దగ్గర తోడికోడలు ఏదో మాట జారింది. లాలి ఏమీ అనకుండా బిందె నెత్తిన పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. చాలా కాలం తర్వాత ఆ తోడికోడలి కూతురి పెళ్లిలో, వియ్యాలవారు పక్కన కూర్చుని ఉండగా, ఆ మాటను పొల్లు పోకుండా తిరిగి అప్పజెప్పింది. మధ్యలో గడిచిన రోజులన్నీ ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చుకున్నవాళ్లే.

ఆమె భర్త మంగీలాల్ ఇందుకు పూర్తిగా భిన్నం. ఎవరైనా తిట్టినా నవ్వేవాడు. అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లో గెలలు కోసే పని అతనిది. పొడుగాటి కర్రకు కొడవలి కట్టి, అంత ఎత్తున ఉన్న గెలను ఒక్క గుంజుకు కిందికి దించేవాడు. పొద్దున్నే సైకిలు మీద గుండ్లవాగు దాటి వెళ్లి, పొద్దుగూకేసరికి తిరిగి వచ్చేవాడు.

వానాకాలం వస్తే ఆ వాగు తండాను లోకం నుంచి వేరు చేసేది. రెండువేల రెండు ఎండాకాలంలో దాని మీద ఎత్తు తక్కువ వంతెన లాంటి చప్టా వేశారు. తోటలో పని లేని రోజుల్లో మంగీలాల్ కూడా అక్కడ కంకర మోశాడు. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటూ అన్నాడు.

"చేతులకు అంటిందంతా ఇసుకనే, లాలీ. సిమెంటు వాసన గూడ లేదు. గట్టి వాన పడితే అది ఉండదు."

"మరి మేస్త్రీకి చెప్పకపోయినవ్?"

"చెప్పిన. నవ్విండు. నేను గూడ నవ్విన."

ఆగస్టులో ఒకరోజు పొద్దంతా వాన కురిసింది. మంగీలాల్ తిరిగి వచ్చేసరికి చప్టా మీద నీళ్లు చీలమండల దాకా పారుతున్నాయి. అది పెద్ద లోతేమీ కాదు. అతను సైకిలు దిగి నడిపించుకుంటూ వస్తున్నాడు. ఇవతలి గట్టున లాలి, ఆమె బావ గోపాలు నిలబడి ఉన్నారు. సగం దాటాక మంగీలాల్ చెయ్యెత్తి వాళ్లకు ఏదో చెప్పబోయాడు. అతని కాళ్ల కింద చప్టా మధ్యభాగం కుంగింది. ముందు సైకిలు పోయింది, తర్వాత అతను. లాలి చూస్తుండగా అంతా రెప్పపాటులో అయిపోయింది. శవం చాలా దిగువన, ఇప్పచెట్టు వేళ్లకు చిక్కుకుని దొరికింది.

దినం రోజున ఎమ్మెల్యే చక్రధరరావు తండాకు వచ్చాడు. జీపు అవతలి గట్టునే ఆపి, పంచె పైకి కట్టి, మోకాలి లోతు నీళ్లలో నడిచి వచ్చాడు. అది జనానికి నచ్చింది. లాలి ముందు చాప మీద తల వంచుకుని కూర్చున్నాడు. అతని కళ్లలో నీళ్లు ఉన్నాయి. అవి అబద్ధపు నీళ్లని లాలి తర్వాతి కాలంలో కూడా ఎప్పుడూ అనలేదు.

"చెల్లె, దీన్ని నేను ఇడిసిపెట్ట. అసెంబ్లీల అడుగుత. మంత్రిని నిలబెట్టి జవాబు చెప్పిస్త."

"అడిగితే ఏమైతది సారు?"

"ఎవరు చేసిండ్రో బయట పడతది. పేపర్ల పడతది. తప్పు చేసినోడు తప్పించుకోలేడు."

లాలికి కావలసింది అదే. ఎవరు చేశారో తెలియాలి. వాడు నలుగురిలో తల దించుకోవాలి.

చక్రధరరావు పీఏ భాస్కర్ పక్క తండా కుర్రాడే, డిగ్రీ చదివినవాడు. అసెంబ్లీలో ప్రశ్న ఎలా నడుస్తుందో అతనే లాలికి వివరించాడు. నక్షత్రం గుర్తు వేసిన ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, కాగితం పంపి ఊరుకోవడానికి లేదు. స్పీకరు నంబరు పిలవగానే ప్రశ్న వేసిన సభ్యుడు లేచి నిలబడాలి. మంత్రి జవాబు చెప్పాక దాని మీద ఇంకా ఇంకా అడగవచ్చు.

"ఆ మొదటి జవాబుల ఏముండదక్కా. ఆఫీసర్లు రాసిచ్చింది సదువుతరు. అదైనంక మన సారు మళ్ల మళ్ల గుచ్చి అడుగుతడు సూడు, అప్పుడు దొరుకుతరు."

ప్రశ్న మూడు ముక్కలుగా ఉంది. గుండ్లవాగు మీద కట్టిన చప్టా మొదటి వానకాలంలోనే కూలిన మాట నిజమేనా? ఆ ప్రమాదంలో ఒకరు మరణించిన మాట నిజమేనా? అయితే బాధ్యులపై ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి? లాలికి చదువు రాదు. భాస్కర్ చెబుతుంటే విని, తిరిగి అంటూ నేర్చుకుంది. రొట్టె పిండి కలుపుతూ, పత్తి ఏరుతూ లోలోపల అనుకునేది. మూడో ముక్క దగ్గరికి వచ్చేసరికి పళ్లు బిగుసుకునేవి.

బడ్జెట్ సమావేశాల్లో ఆ ప్రశ్న వంతు వచ్చింది. భాస్కర్ ప్యాసు రాయించి కబురు పెట్టాడు. లాలి, గోపాలు తల్లాడ, ఖమ్మం మీదుగా బస్సులు మారి హైదరాబాదు చేరారు. అసెంబ్లీ గేటు దగ్గర వాళ్ల సంచి, గోపాలు బీడీలు తీసిపెట్టుకుని, పైన గ్యాలరీలో మాట్లాడకూడదు, ముందుకు వంగకూడదు, లేచి నిలబడకూడదు అని చెప్పి పంపారు. లాలి అద్దాల రవిక మీద కొంగు కప్పుకుని మొదటి వరుసలో కూర్చుంది. కింద తెల్లబట్టల మనుషులు చాలామంది ఉన్నారు. వాళ్లలో చక్రధరరావును వెంటనే గుర్తుపట్టింది. అతను ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

స్పీకరు నంబరు పిలిచాడు. చక్రధరరావు లేచాడు. లాలి గోపాలు ముంజేతిని గట్టిగా పట్టుకుంది.

"ఈ ప్రశ్నకు నేను పట్టుబట్టడం లేదు, అధ్యక్షా."

అని కూర్చున్నాడు. స్పీకరు తర్వాతి నంబరు పిలిచాడు. వేరే ఎవరో లేచారు. ఎక్కడో చెరువు గురించి మాటలు మొదలయ్యాయి.

లాలికి ముందు అర్థం కాలేదు. ఇంకా ఏదో ఉంటుందని చూసింది. చెరువు గురించి మంత్రి జవాబు చదవడం మొదలుపెట్టాక గాని తన వంతు దాటిపోయిందని తెలియలేదు. అప్పుడామె లేచి నిలబడింది.

"సారు, నా ప్రశ్న ఏంది?"

కిందనున్నవాళ్లు కొందరు తలలెత్తి చూశారు. ఈసారి చక్రధరరావు కూడా చూశాడు. రెండో మాట అనేలోపే కాపలావాళ్లు ఆమెను రెక్క పట్టుకుని బయటికి నడిపించారు. ఒక గదిలో కూర్చోబెట్టి, పేరు, ఊరు రాసుకుని, మళ్లీ ఇక్కడికి రావద్దని చెప్పి వదిలిపెట్టారు.

గేటు బయట భాస్కర్ చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు.

"అట్లంటే ఇంక మంత్రి జవాబు చెప్పేది లేదక్కా. పొద్దున దాకా నాకు తెల్వదు. మంత్రి జవాబు కాగితం ముందుగాల్నే సారుకు వచ్చింది. అండ్ల కాంట్రాక్టరు పేరు చూసిండు. కాగితం మీద ఉన్నది సారు బామ్మర్ది దగ్గర పనిచేసేటోని పేరు, పని చేసింది బామ్మర్దే. సారుకు గూడ అప్పుడే తెలిసిందట."

"అప్పుడే తెలిసిందా?"

"అవ్."

"తెలిసినంకనే గద లేచి ఆ మాట అన్నది."

తిరుగు ప్రయాణంలో గోపాలు బస్సులో కూర్చుని ఏడ్చాడు. లాలి ఏడవలేదు. ఖమ్మం దాటేదాకా పెదవులు కదుపుతూనే ఉంది. ఏం గొణుగుతున్నావని గోపాలు అడిగితే, ఆ తెల్లబట్టల మనిషి అన్న మాటను అదే గొంతుతో, అదే తీరున అని చూపించింది. 'అధ్యక్షా' అనేటప్పుడు అతను చివర్లో స్వరం కొంచెం తగ్గించాడు. అది కూడా ఆమె గొంతులో ఉంది.

ఆ నెలలోనే చక్రధరరావు మనుషులు వచ్చి లాలికి అంగన్‌వాడీలో ఆయా పని ఇప్పించారు. ఆమె వద్దంటుందని తండా అంతా అనుకున్నది. ఆమె వద్దనలేదు. ఇద్దరు పిల్లలు ఉన్నారు. వాళ్లకు తిండి పెట్టాలి. పొద్దున్నే సెంటరు ఊడ్చి, పప్పు ఉడకబెట్టి, పిల్లల ముక్కులు తుడిచేది. చక్రధరరావు ఆ దారిన వెళ్తే దండం కూడా పెట్టేది. లాలి కోపం చల్లారిందని అతని మనుషులు చెప్పుకున్నారు. తోడికోడలు మాత్రం ఆ మాట విని తల అడ్డంగా ఊపింది.

మరుసటి ఏడాది వేసవిలో ఎన్నికలు వచ్చాయి. చక్రధరరావు మళ్లీ నిలబడ్డాడు. గెలుపు ఖాయమని అందరూ అన్నారు. నామినేషన్లు పడగానే లాలి పని ముగించుకుని సాయంత్రాలు చుట్టుపక్కల తండాలకు నడవడం మొదలుపెట్టింది. వెళ్లి ఆడవాళ్లున్న చోట కూర్చునేది. చప్టా ఎట్లా కుంగిందో, గ్యాలరీలో ఏం విన్నదో లంబాడీ మాటలో చెప్పేది. చివరికి వచ్చేసరికి లేచి నిలబడి, కొంగు భుజం మీద కండువాలా సవరించుకుని, ఆ మాటను తెలుగులో అనేది.

"ఈ ప్రశ్నకు నేను పట్టుబట్టడం లేదు, అధ్యక్షా."

మొదటిసారి విన్నవాళ్లు నోరు తెరిచి చూసేవాళ్లు. రెండోసారి నవ్వేవాళ్లు. మూడోసారికి వాళ్లే అనేవాళ్లు. కోయగూడేల్లో చెప్పడానికి రామక్క తోడు వచ్చింది. తునికాకు కల్లాల దగ్గర ఇద్దరికీ పాత స్నేహం. లాలి చెప్పింది రామక్క కోయమాటలో చెప్పేది. ఆ ఒక్క ముక్క మాత్రం ఎవరూ మార్చలేదు, అట్లాగే తెలుగులో ఉంచారు.

సూపర్‌వైజరమ్మ వచ్చి మెల్లగా చెప్పింది.

"లాలీ, పై నుంచి ఫోనొచ్చింది. గిట్ల తిరిగితే నీ కొలువు ఉండదు. పిల్లల ముఖం చూసుకో."

లాలి మొలలో దోపుకున్న సెంటరు తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టింది. "పప్పు పొయ్యి మీద ఉన్నదమ్మా, మాడకుండ చూడు," అని చెప్పి బయటికి వచ్చేసింది. ఆ వారమే పామాయిల్ తోటలో రాలిన పండ్లు ఏరే కూలికి కుదిరింది. ముళ్లు గుచ్చుకుని వేళ్లు వాచాయి. అయినా సాయంత్రాల నడక ఆపలేదు.

పోలింగుకు కొద్ది రోజుల ముందు చక్రధరరావు దేవ్లా తండాకు ప్రచారానికి వచ్చాడు. వెనక రెండు జీపులు, మైకు, డప్పులు. ఒక జీపులో ముందు సీట్లో అతని బావమరిది కూర్చుని ఉన్నాడు. చక్రధరరావు దిగి, మైకు అందుకుని, ఈ తండా తనకు పుట్టిల్లు లాంటిదని మొదలుపెట్టాడు. లాలి జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చింది.

"సారు, ఓటు అడగనీకి వచ్చినవు గద. ముందుగాల నా ప్రశ్న అడుగు."

చక్రధరరావు మైకు పక్కకు దించి, ముఖం మీద నవ్వు చెరగకుండానే మెల్లగా అన్నాడు. "లాలీ, నీకేం కావాలెనో ఇంటికొచ్చి చెప్పు. కొలువు మళ్ల ఇప్పిస్త."

"కొలువు వద్దు. ప్రశ్న అడుగు."

"ఇది అసెంబ్లీ గాదమ్మా."

"గాదు. ఇక్కడ నన్ను రెక్క పట్టి గుంజేటోళ్లు లేరు. మైకు నీ చేతిలనే ఉన్నది. చప్టా కూలిన మాట నిజమేనా? మనిషి చచ్చిన మాట నిజమేనా? ఎవరి మీద ఏం చర్య తీసుకున్నరు?"

"ఎవర్ని అడగాలె నేను? మంత్రి ఉన్నడా ఇక్కడ?"

లాలి చెయ్యెత్తి జీపు వైపు చూపించింది.

"ఆడ కూసున్నడు గద నీ బామ్మర్ది. ఆయన్నే అడుగు. నేను వింట."

అందరి తలలూ అటు తిరిగాయి. డప్పులు ఆగాయి. బావమరిది కండువాతో ముఖం తుడుచుకున్నట్టు చేసి, డ్రైవరుకు ఏదో చెప్పాడు. జీపు స్టార్టయింది. చక్రధరరావు మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్న శబ్దం మాత్రం మైకులో పెద్దగా వినిపించింది.

అప్పుడు వెనక వరుసలో ఎవరో ఆడమనిషి అంది. అది తోడికోడలని తర్వాత తెలిసింది.

"పట్టుబట్టడం లేదు, అధ్యక్షా."

ఇంకొకామె అందుకుంది. ఆ తర్వాత అంతా అందుకున్నారు. చక్రధరరావు జీపెక్కి వెళ్లేదాకా తండా ఆ ఒక్క మాటే అంటూ ఉంది. ఆ తర్వాత అతను ఎక్కడికి వెళ్లినా ఆ మాటే ఎదురైంది. మార్కెట్లో, బస్సులు ఆగేచోట, అతని సొంత పార్టీ ఆఫీసు ముందు కూడా. అతను మైకు పట్టుకుంటే చాలు, జనం నవ్వడానికి సిద్ధమయ్యేవాళ్లు. చివరి రోజుల్లో అతను మాట్లాడటం మానేసి, దండం పెట్టుకుంటూ తిరిగాడు.

అతను ఓడిపోయాడన్న వార్త లాలికి తోటలో తెలిసింది. తలెత్తి విని, మళ్లీ వంగి పండ్లు ఏరుకుంది. సాయంత్రం ఇంటికి వచ్చి తలంటు పోసుకుని, పెట్టెలోని పెళ్లినాటి ఘాగ్రా కట్టుకుని, ఇంట్లో ఉన్న కోడిని కోసింది. గోపాలును పిలిచి పెట్టింది. అతను తిని చెయ్యి కడుక్కుని అడిగాడు.

"కడుపు సల్లబడ్డదా?"

"సగం," అంది లాలి.

కొత్తగా గెలిచిన ఎమ్మెల్యే దూలయ్య అడవి వైపు మనిషి, ఇంతకుముందు పంతులుగా పనిచేసినవాడు. గెలిచాక తండాకు వచ్చి లాలికి కృతజ్ఞత చెప్పబోయాడు. ఆమె ఆ మాట పూర్తి కానివ్వలేదు.

"నీ కోసం తిరగలే సారు. ఆయన మీద తిరిగిన. నువ్వు ఆ ప్రశ్న అడుగు. లేచినంక కూలబడితే, నీకు గూడ ఐదేండ్లకు ఎలక్షన్ వస్తది."

దూలయ్య నవ్వాడు గాని, ఆమె నవ్వకపోవడం చూసి తనూ ఆపేశాడు.

మరుసటి ఏడాది ప్రశ్న మళ్లీ వచ్చింది. లాలి హైదరాబాదు వెళ్లలేదు. భాస్కర్ ఇప్పుడు అశ్వారావుపేటలో ఫోన్ల బూత్ పెట్టుకున్నాడు. అక్కడ చిన్న టీవీ ఉంది, అసెంబ్లీ ప్రశ్నోత్తరాల సమయం అందులో వస్తుంది. లాలి అతనితో చాలా కాలం మాట్లాడలేదు. ఆ రోజు మాత్రం వచ్చి స్టూలు మీద కూర్చుంది.

మంత్రి లేచి చదివాడు. మొదటి ముక్కకు "అవునండి." రెండో ముక్కకు "అవునండి." మూడో ముక్కకు "విచారణ జరుగుతున్నదండి."

"ఇప్పుడు కూసుంటడా?" అని లాలి అడిగింది.

"సూడక్కా," అన్నాడు భాస్కర్.

దూలయ్య కూర్చోలేదు. విచారణ ఎప్పుడు మొదలైంది, ఎవరు చేస్తున్నారు అని అడిగాడు. మంత్రి వరద మామూలు కంటే ఎక్కువ వచ్చిందన్నాడు. చీలమండల లోతు నీళ్లను వరద అంటారా అని దూలయ్య అడిగాడు. కాగితం మీద ఒకరి పేరు, పని చేసింది ఇంకొకరు, ఆ ఇంకొకరు ఎవరో చెప్పమన్నాడు. అవతలి వరుసల్లో గోల మొదలైంది. స్పీకరు గంట కొట్టాడు. ఆ గోలలోనే దూలయ్య గొంతు పెంచి అన్నాడు.

"బాణోతు మంగీలాల్ గారు అనే గిరిజన కూలీ ఆ చప్టా మీద చనిపోయాడు, అధ్యక్షా. ఆయన భార్యకు ఈ సభ జవాబు చెప్పాలి."

మంగీలాల్‌ను ఎవరూ ఎన్నడూ 'గారు' అని పిలవలేదు. లాలికి నవ్వు వచ్చింది. నవ్వుతుండగానే ముక్కు కారింది, కొంగుతో తుడుచుకుంది. మంత్రి చివరికి దిగివచ్చి, అసలు పని చేసిన మనిషి మీద క్రిమినల్ కేసు పెట్టిస్తామని, అతనికి ఇక ప్రభుత్వ పనులు ఇవ్వబోమని సభలో మాట ఇచ్చాడు. సభలో ఇచ్చిన మాట కాబట్టి అది గాలికి పోలేదు. కొన్ని నెలలకు కేసు కోర్టుకు ఎక్కింది. రాజీకి రమ్మని పెద్దమనుషులు ఎన్నిసార్లు వచ్చినా లాలి వాళ్లకు మంచినీళ్లు ఇచ్చి పంపింది గాని తల ఊపలేదు.

ఆ తర్వాత ఒకరోజు తల్లాడ బస్టాండులో ఆమెకు చక్రధరరావు కనిపించాడు. గన్‌మన్ లేడు, జీపు లేదు. జుట్టు బాగా నెరిసింది. సిమెంటు బెంచీ మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి కొంచెం జరిగి చోటిచ్చాడు. లాలి కూర్చుంది. ఎండగా ఉంది, వేరే చోట నీడ లేదు.

"బాగున్నవా లాలీ?"

"ఉన్న."

అతను బస్సులు వచ్చే వైపు చూశాడు. తర్వాత అతను అన్నాడు.

"ఆ రోజు పొద్దున నా భార్య ఫోన్ల ఏడ్సింది. తమ్ముడు జైలుకు పోతడని. నేను ఏం జెయ్యాలె చెప్పు."

లాలి ఆలోచించింది. అతను అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు.

"మీ ఇంట్ల ఏడ్సిందొకటే నీకు ఇనబడ్డది సారు," అంది.

"ఇంక కోపం పోలేదా?"

"పోలే."

అతను తల ఊపాడు. ఖమ్మం బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. లాలి సంచి తీసుకుని లేచింది.

"ఎటు పోతున్నవ్?" అని అడిగాడు.

"కోర్టుకు. ఇయ్యాల నీ బామ్మర్ది వాయిదా. సాక్ష్యం నాదే."

బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా దొరికింది. కూర్చుని, కండక్టరు వచ్చేలోపు తాను కోర్టులో చెప్పాల్సిన మాటలు మొదటి నుంచి ఒకసారి లోలోపల అనుకోవడం మొదలుపెట్టింది.